గ్రానైట్ పొడి వేసిన అరటి తోటకు పొటాష్ ఎందుకు అందలేదు? ఒక కేస్ స్టడీ

రాతి పొడి గురించి నన్ను అడిగేవాళ్లలో చాలామందిది మొదటి ప్రశ్న ఒకటే: ఎకరాకు ఎన్ని టన్నులు వేయాలి? జవాబు చెప్పే ముందు నేను తిరిగి అడిగేవి కొన్ని ఉంటాయి. అది ఏ రాయి, ఎంత మెత్తగా ఆడించారు, ఏ నేలలో వేస్తున్నారు, ఆ నేలకు అసలు ఏం తక్కువైంది? ఈ ప్రశ్నలు ఎవరూ అడగకపోవడం వల్ల ఒక రైతు పడ్డ కష్టమంతా రెండు పంటల పాటు ఫలితం లేకుండా పోయింది. తర్వాత ఆ తోటలో ఏం చేశాం, ఒక్కో నిర్ణయం ఎందుకు తీసుకున్నాం అన్నది కాస్త వివరంగా రాస్తున్నాను. రైతు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆయన్నీ తోటనీ గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

తోట సంగతి

ఏటవాలుగా ఉన్న కొన్ని ఎకరాల ఎర్ర ఇసుక నేల, వర్షం ఎక్కువ, పంట అరటి. రైతు చాలా ఏళ్ల కిందటే రసాయన ఎరువులు మానేశారు. పశువుల ఎరువు, కంపోస్ట్, పచ్చిరొట్ట, ఆకుల మల్చింగ్ అన్నీ శ్రద్ధగా చేస్తారు. నేల పట్టుకుంటే గుల్లగా ఉంటుంది, వానపాములు కనిపిస్తాయి, సేంద్రియ కర్బనం రిపోర్టు కూడా బాగుంది. కాబట్టి "నేల చచ్చిపోయింది" అని అందరికీ చెప్పే మాట ఇక్కడ చెప్పడానికి లేదు.

తేడా పీహెచ్‌లో ఉంది. 5.1 వచ్చింది, అంటే ఆమ్ల నేల (ఈ కొలతలో 7 తటస్థం, అంతకు తగ్గితే ఆమ్లం). ఇసుక పాలు ఎక్కువున్న నేలకు పోషకాలను పట్టి ఉంచే శక్తి తక్కువ. వాన నీరు కిందికి దిగేటప్పుడు పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం దానితో పాటే దిగిపోతాయి, వాటి స్థానంలో హైడ్రోజన్, అల్యూమినియం వచ్చి కూర్చుంటాయి. పీహెచ్ 5.5 కంటే తగ్గిందంటే అల్యూమినియం వేర్లను ఇబ్బంది పెట్టడం మొదలవుతుంది. దీనికి తోడు అరటి పొటాష్‌ను (అంటే పొటాషియాన్ని) విపరీతంగా లాగే పంట, గెల తోట దాటిన ప్రతిసారీ ఆ పొటాష్ కూడా తోట దాటుతుంది. కంపోస్ట్‌తో నత్రజని, భాస్వరం కొంతవరకు పూడుతున్నాయి గానీ ఈ లోటు మాత్రం ఏటా పెరుగుతూ వచ్చింది.

కనిపించిన సమస్య

గెలలు చిన్నవవుతున్నాయి, అత్తాలు (గెలలోని కాయల వరుసలు) తగ్గుతున్నాయి, గెల పక్వానికి రాకముందే కింది ఆకులు ఎండిపోతున్నాయి. అందరూ ముందు ఆకుమచ్చ తెగులు అనుకున్నారు, దానికి పిచికారీలు కూడా చేశారు. కానీ ముసలి ఆకుల్ని దగ్గర నుంచి చూస్తే మచ్చ తెగులు తీరు కాదది. కొన్ని చెట్లలో ఆకు కొస నుంచీ అంచుల నుంచీ నారింజ ఛాయ పసుపు మొదలై, ఆకు లోపలికి ముడుచుకుని, చూస్తుండగానే ఎండిపోతోంది. ఇది పొటాషియం లోపం చూపించే పద్ధతి. ఇంకొన్ని చెట్లలో అంచు పచ్చగానే ఉండి, అంచుకీ మధ్య ఈనెకీ నడుమ భాగం పాలిపోయి ఉంది, ఆకు కాడల మీద ఊదారంగు మరకలు కూడా ఉన్నాయి. ఇది మెగ్నీషియం లోపం. రెండూ ఒకే తోటలో, కొన్నిచోట్ల ఒకే చెట్టులో ఉండటంతో అంతకుముందు చూసినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టి వెళ్లారు.

కంటితో చూసిన దాన్ని నమ్మి నిర్ణయం తీసుకోలేం కాబట్టి ఆకు పరీక్ష చేయించాం. పూత దశలో పై నుంచి మూడో ఆకు తీసుకుని, దాని నడుమ భాగంలో ఈనెకు రెండు వైపులా చిన్న పట్టీలు కత్తిరించి పంపాలి. అరటికి సాధారణంగా పొటాషియం 3 శాతం, మెగ్నీషియం 0.3 శాతం కనీస గీతలుగా చూస్తారు. రెండూ ఆ గీతల కిందే ఉన్నాయి.

అప్పటికే వేసిన గ్రానైట్ పొడి

నన్ను పిలిచేనాటికే ఆయన రాతి పొడి వేసి ఉన్నారు. రాళ్లతో నేలను బతికించవచ్చన్న ఆలోచన కొత్తదేం కాదు, 19వ శతాబ్దం చివర్లోనే జర్మనీలో జూలియస్ హెన్సెల్ గట్టిగా ప్రచారం చేశారు. 20వ శతాబ్దంలో అమెరికాలో జాన్ హమాకర్ దాన్ని మళ్లీ ముందుకు తెచ్చారు. ఇవన్నీ చదివి, నమ్మి, దగ్గర్లోని క్రషర్ నుంచి గ్రానైట్ డస్ట్ తెప్పించి ఎకరాకు సుమారు 10 టన్నులు చల్లారు. అమ్మినవాళ్లు ఇచ్చిన రిపోర్టులో పొటాష్ 4.5 శాతం అని ఉంది. లెక్క వేస్తే ఎకరాకు 450 కిలోల పొటాష్ వేసినట్టే. కాగితం మీద ఈ అంకె చూసిన ఎవరికైనా ఆశ కలుగుతుంది. రెండు పంటలు వచ్చినా ఆకుల్లో మాత్రం ఏ మార్పూ లేదు.

"అంత పొటాష్ వేస్తే ఎక్కడికి పోయిందండీ?" అని ఆయన అడిగారు. ఎక్కడికీ పోలేదు, రాతిలోనే ఉంది.

ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే కాబట్టి కాస్త ఆగి చెబుతాను. ఆ రిపోర్టు చెప్పింది రాయిలో మొత్తం ఎంత ఉందన్నది. మొక్కకు కావలసింది అందులోంచి ఎంత, ఎప్పటికి బయటికి వస్తుందన్నది. ఆ రెండో విషయం రాయిలోని ఖనిజాన్ని బట్టి ఉంటుంది. ఏ ఖనిజం ముందు కరుగుతుంది, ఏది చివరిదాకా మిగులుతుంది అన్న వరుసను గోల్డిచ్ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త 1938లో చెప్పారు. ఆలివిన్ అన్నిటికంటే త్వరగా శిథిలమవుతుంది, తర్వాత పైరాక్సీన్, ఆంఫిబోల్, బయొటైట్ అనే నల్ల అభ్రకం, ఆ తర్వాత పొటాష్ ఫెల్డ్‌స్పార్, తెల్ల అభ్రకం, చిట్టచివర క్వార్ట్జ్ అనే పలుగురాయి. గ్రానైట్‌లో ఎక్కువ భాగం క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్లే, అంటే వరుసలో వెనక ఉన్నవే. పొటాష్ ఫెల్డ్‌స్పార్‌లో పొటాషియం చుట్టూ సిలికా, అల్యూమినా కలిసి అన్ని దిక్కులా అల్లుకుని ఉంటాయి, ఆ అల్లిక తెగితే తప్ప పొటాషియం బయటికి రాదు. నల్ల అభ్రకంలో అయితే అది పొరల మధ్య ఉంటుంది, పుస్తకం పేజీల మధ్య పెట్టిన చీటీ మాదిరిగా. అంచు కొద్దిగా తెరుచుకున్నా జారి వస్తుంది. రెండు రాళ్ల రిపోర్టుల్లోనూ 4.5 శాతం అనే ఉండొచ్చు, మొక్కకు మాత్రం ఆ రెండూ ఒకటి కావు.

బ్రెజిల్ 2013లో చట్టం చేసి రాతి పొడిని నేల ఖనిజాలు పెంచే పదార్థంగా గుర్తించింది. అక్కడి నిబంధనల ప్రకారం కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం ఆక్సైడ్లు కలిపి కనీసం 9 శాతం ఉండాలి, పొటాష్ కనీసం 1 శాతం ఉండాలి, క్వార్ట్జ్ లాంటి స్వేచ్ఛా సిలికా 25 శాతం దాటకూడదు. ఆ చివరి షరతు నాకు చాలా నచ్చుతుంది. మామూలు గ్రానైట్లు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

రెండో కారణం పొడి ఎంత మెత్తగా నలిగిందన్నది. మిల్లీమీటరు రేణువును మిల్లీమీటరులో పదో వంతు ముక్కలుగా చేస్తే బయటికి కనిపించే ఉపరితలం పదింతలు పెరుగుతుంది, రాయి కరిగేది ఆ ఉపరితలం మీదే. దీన్ని చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు. ఒక గాజు సీసాలో నీళ్లు పోసి, గుప్పెడు పొడి వేసి, బాగా గిలక్కొట్టి కింద పెట్టండి. 40 సెకన్లలోపు పది సెంటీమీటర్లు దిగి అడుగుకు చేరేదంతా దాదాపు ఇసుక సైజు. ఆ తర్వాత కూడా నీళ్లలో తేలుతూ మసకగా కనిపించేదే మనకు పనికొచ్చే పొడి. ఆయన గ్రానైట్ డస్ట్‌ను ఇలా పెడితే నిమిషం తిరగకుండా నీళ్లు తేటపడ్డాయి, అడుగున మందంగా ఇసుక పేరుకుంది.

ముందు చేసింది రాయితో సంబంధం లేని పని

ఇక్కడ రెండు దారులు. సరైన రాయి వెతికి వేయడం ఒకటి, తోట ఇప్పటికిప్పుడు పడుతున్న ఆకలి తీర్చడం ఇంకొకటి. మంచి రాయి దొరికినా అది పని మొదలుపెట్టడానికి కాలం పడుతుంది, అప్పటిదాకా గెలలు ఆగవు. అందుకే ముందు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ అనే, నీటిలో కరిగే పొటాష్ ఎరువును విడతలుగా వేద్దామన్నాను. ఆయనకు అది అస్సలు మింగుడు పడలేదు. "మళ్లీ బస్తాల దగ్గరికే తీసుకెళ్తున్నారా సార్?" అన్నారు. ఆ బాధ నాకు అర్థమైంది, అన్నేళ్ల నిష్ఠ అది. గని నుంచి తీసిన సహజ రూపంలోని సల్ఫేట్ ఆఫ్ పొటాష్‌ను చాలా సేంద్రియ ప్రమాణాలు షరతులతో ఒప్పుకుంటాయి. ధ్రువీకరణ ఇచ్చేవాళ్లను ముందే రాతపూర్వకంగా అడిగి, వాళ్లు సరేనన్నాకే తెప్పించాం. ఒకేసారి వేస్తే ఆ ఇసుక నేలలో వానకు కొట్టుకుపోతుంది కాబట్టి చిన్న మోతాదుల్లో, పిలక ఎదిగే దశ నుంచి గెల వేసే దాకా పంచుకుంటూ వేశాం.

దీనిలో ఒక మెలిక ఉంది. పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం వేరు దగ్గర ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. పొటాష్ ఒక్కటే పెంచితే మెగ్నీషియం లోపం ఇంకా ముదురుతుంది. కాబట్టి మెగ్నీషియం దారి కూడా వెంటనే చూడాలి, దాని గురించి కింద రాస్తాను.

అంతకంటే పెద్ద కన్నం ఇంకొకటి బయటపడింది. గెల కోశాక అరటి బోదెలన్నీ నరికి తోట బయటికి మోయిస్తున్నారు! ముక్కు పురుగు వాటిలో చేరి పెరుగుతుందన్న భయం. భయంలో న్యాయం ఉంది, కానీ చెట్టు తీసుకున్న పొటాష్‌లో పెద్ద వాటా ఆ బోదెలోనూ ఆకుల్లోనూ ఉంటుంది. దాన్ని బయట పారేసి క్రషర్ నుంచి రాయి మోయించుకోవడం ఎంత నష్టమో ఆలోచించండి. బోదెను నిలువునా చీల్చి, పొరలు విప్పి, ఎండ తగిలేలా పరిస్తే త్వరగా ఆరిపోతుంది, పురుగు గుడ్లు పెట్టడానికి అనువైన తేమ చోటు మిగలదు. ఇంకో మాట, పొటాషియం మొక్కలో రసంలో కరిగే ఉంటుంది, ఏ కణజాలంలోనూ గట్టిగా అతుక్కుని ఉండదు. బోదె కుళ్లేదాకా ఆగదు, నాలుగు వానలు పడితే కారిపోతుంది. అందుకని సాళ్ల మధ్య ఎక్కడో కుప్పేయకుండా ఎదుగుతున్న పిలక వేర్లు అందుకునే దూరంలో పరిపించాం. నా లెక్కలో ఈ తోటలో ఎక్కువ ఫలితం ఇచ్చిన పని ఇదే, దీనికి అయ్యింది కూలి ఖర్చు మాత్రమే.

సూక్ష్మజీవుల కల్చర్

వేసిన గ్రానైట్‌నే కరిగించే మార్గం ఉందా అని చూశాం. పొటాష్‌ను కరిగించే బ్యాక్టీరియా కల్చర్లు మార్కెట్‌లో దొరుకుతాయి. తోటంతా పోసే ముందు కొన్ని సాళ్లలోనే వేసి, పక్క సాళ్లు వదిలేశాం. ఆకు పరీక్షలో తేడా కనిపించలేదు. ఇది ఊహించదగ్గదే. ల్యాబ్‌లో ఈ బ్యాక్టీరియాకు చక్కెర సమృద్ధిగా ఉన్న ద్రవం ఇస్తారు, అక్కడ అవి సేంద్రియ ఆమ్లాలు బాగా తయారుచేస్తాయి, మెత్తగా నూరిన ఖనిజం కరుగుతుంది. తోట మట్టిలో అంత చక్కెర ఎక్కడిది? అప్పటికే స్థిరపడిన వేల రకాల జీవుల మధ్య బయటి నుంచి వచ్చినది నిలబడటం కూడా కష్టం. కల్చర్లన్నీ దండగ అని నేను అనను, ఇసుక సైజు గ్రానైట్ మీద మాత్రం వాటి పేరుతో ఖర్చు పెట్టవద్దనే చెబుతాను.

బసాల్ట్, డోలమైట్

ఇక మెగ్నీషియం, పీహెచ్. నిజం చెప్పాలంటే ఈ రెంటికే అయితే డోలమైట్ చాలు. అది మెగ్నీషియం కలిసిన సున్నపురాయి లాంటిది, అంటే కార్బొనేట్, ఆమ్ల నేలలో త్వరగా పనిచేస్తుంది, కాల్షియం, మెగ్నీషియం రెండూ ఇస్తుంది. రాతి పొడి మీద ప్రేమతో ఈ మాట దాచేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మరి బసాల్ట్ అనే నల్లటి అగ్నిపర్వత శిల గురించి ఎందుకు ఆలోచించాం? అందులో ఆలివిన్, పైరాక్సీన్, కాల్షియం ఉన్న ఫెల్డ్‌స్పార్ ఉంటాయి, అంటే గోల్డిచ్ వరుసలో ముందున్నవి. మెగ్నీషియం, కాల్షియంతో పాటు మొక్క తీసుకోగల సిలికాన్, కొన్ని సూక్ష్మపోషకాలు కూడా నెమ్మదిగా వదులుతుంది. వాన ఎక్కువున్న ఇసుక నేలలో ఆ నెమ్మదితనమే కావాలి. పైగా ఆమ్లం ఉన్న నేల, వెచ్చని వాతావరణం, సమృద్ధిగా నీరు, ఈ మూడూ ఉంటేనే ఇలాంటి రాయి బాగా కరుగుతుంది, ఈ తోటలో మూడూ ఉన్నాయి. పొటాష్ కోసం మాత్రం బసాల్ట్‌ను నమ్ముకోలేం, అందులో అది తక్కువే. ఆ సంగతి ఆయనకు మొదటే స్పష్టంగా చెప్పాను.

అమెరికాలోని ఇల్లినాయ్‌లో నాలుగేళ్ల పాటు ఏటా హెక్టారుకు 50 టన్నుల బసాల్ట్ పొడి వేసి చేసిన ప్రయోగం ఫలితాలు 2024లో వచ్చాయి. మొక్కజొన్న, సోయాబీన్ దిగుబడులు 12 నుంచి 16 శాతం పెరిగాయి. ఆ అంకె అందరూ చెబుతారు గానీ 50 టన్నులంటే ఎకరాకు ఏటా 20 టన్నులని, అది బసాల్ట్ అని, గ్రానైట్ కాదని చెప్పేవాళ్లు తక్కువ.

మా దగ్గర అంత వేయలేదు. ఎకరాకు సుమారు 4 టన్నుల లెక్కన, జల్లెడ పట్టిన మెత్తటి బసాల్ట్‌ను చెట్ల చుట్టూ పట్టీలుగా మాత్రమే వేసి మట్టిలో కలిపించాం. పైన చల్లి వదిలేస్తే వేరు దగ్గరి ఆమ్లం దానికి అందదు. వేర్లు వదిలే బొగ్గుపులుసు వాయువు వల్ల నేలలోని గాలిలో ఆ వాయువు బయటి గాలికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది, నీటితో కలిసి అదే ఆమ్లమై రాయిని తినేస్తుంది. పొడిని కంపోస్ట్ కుప్పలో కలపమని చాలామంది అంటారు. మేమూ కొంత కలిపాం, కారణం వేరు: తడిగా ఉంటే దుమ్ము లేవదు, సమంగా చల్లడం సులువు. కుప్పలోనే రాయి కరిగిపోతుందని మాత్రం ఆశపడలేదు, ఎందుకంటే కుప్ప మొదట్లో కాస్త పుల్లబడినా వేడెక్కాక పీహెచ్ క్షార వైపే పోతుంది.

తోటను పట్టీలుగా విడగొట్టి ఒకదానికి డోలమైట్, ఒకదానికి బసాల్ట్, ఒకదానికి సగం డోలమైట్‌తో బసాల్ట్, ఒకదానికి ఏదీ లేకుండా వదిలేశాం. పొటాష్, బోదెల పని అన్నిటికీ సమానం. ఏదీ వేయని పట్టీ ఉంచడానికి రైతులు ఒప్పుకోరు, ఆయన ఒప్పుకున్నారు. ఆ పట్టీ లేకపోతే ఈ కేసు రాయడానికే పనికొచ్చేది కాదు.

మొదటి పంటలో డోలమైట్ పట్టీదే పైచేయి, పీహెచ్ లేచింది, కాడల మీద ఊదా మరకలు తగ్గాయి. బసాల్ట్ పట్టీ ఏదీ వేయని పట్టీ కంటే కొంచెం మెరుగు, అంతే. పిలక పంటకు (కోసిన చెట్టు పిలక ఇచ్చే తర్వాతి పంటకు) వచ్చేసరికి బసాల్ట్ పట్టీలో ఆకు మెగ్నీషియం కనీస గీత దాటింది. ఆ తర్వాతి పంటలో డోలమైట్ పట్టీ పీహెచ్ మళ్లీ దిగడం మొదలుపెట్టింది, బసాల్ట్ ఉన్న రెండు పట్టీలూ నిలకడగా ఉన్నాయి. రెండూ కలిపిన పట్టీ మొదట్లోనూ చివర్లోనూ బాగుంది కాబట్టి మిగతా తోటకు అదే తీసుకున్నాం. ఇందులో డోలమైట్ మోతాదు కావాలనే సగం చేశాం, పీహెచ్ ఒక్కసారిగా పైకి పోతే రాయి కరిగే వేగం పడిపోతుంది.

మధ్యలో ఒక రిపోర్టు దగ్గర ఆగాల్సి వచ్చింది. బసాల్ట్ వేసిన కొన్ని నెలలకే మట్టి పరీక్షలో కాల్షియం, మెగ్నీషియం ఒక్కసారిగా ఎగిరాయి. ఆయన సంతోషం చెప్పలేనిది. కానీ ఆకు రిపోర్టులో ఆ జాడే లేదు. ఆ ల్యాబ్ వాడింది మెహ్లిచ్-3 అనే ఆమ్ల ద్రావణం. మట్టిలో ఇంకా కరగకుండా ఉన్న రాతి రేణువులను కూడా ఆ ఆమ్లం కొంత కరిగించేస్తుంది, దాంతో మొక్కకు అందనిది కూడా అందుతున్నట్టు అంకెల్లో కనిపిస్తుంది. తటస్థ అమోనియం అసిటేట్‌తో మళ్లీ చేయించాక అంకెలు నేల మీదికి వచ్చాయి. రాతి పొడి వేసినవాళ్లు మట్టి రిపోర్టుతో పాటు ఆకు రిపోర్టు కూడా తప్పకుండా చూడాలి, రెండూ వేర్వేరు మాటలు చెబితే నేను ఆకునే నమ్ముతాను.

ఇంకెవరైనా వేయాలనుకుంటే

ఇదంతా ఆమ్ల నేలలో జరిగింది. మీ పీహెచ్ 7 దాటి ఉంటే, సున్నపు పాలు ఎక్కువుంటే, బసాల్ట్ కూడా చాలా నెమ్మదిగా కరుగుతుంది, మోత ఖర్చుకు తగ్గ ఫలితం ఉండదు. నత్రజని ఏ రాతి పొడిలోనూ లెక్కలోకి వచ్చేంత ఉండదు, దాన్ని పప్పుజాతి పచ్చిరొట్టతోనో ఎరువుతోనో చూసుకోవాల్సిందే. పొటాష్ కోసమే రాయి కావాలంటే నల్ల అభ్రకం ఎక్కువున్న రాయి, ఫోనొలైట్, గ్లాకొనైట్ లాంటివి వెతకండి, గ్రానైట్ ఇసుక మీద డబ్బు పెట్టకండి.

కొనే ముందు పొడి మీద నాలుగు చుక్కల పలుచటి ఆమ్లం వేసి చూడండి. బుసబుస పొంగితే అందులో కార్బొనేట్ ఉంది, పీహెచ్ త్వరగా పెరిగితే ఆ ఘనత బసాల్ట్ ఖాతాలో వేయకండి. భార లోహాల రిపోర్టు అడగండి, ముఖ్యంగా నికెల్, క్రోమియం. మెగ్నీషియం మరీ ఎక్కువగా ఉండే డ్యూనైట్, సర్పెంటినైట్ లాంటి రాళ్లలో ఇవి ఎక్కువ ఉంటాయి. గ్రానైట్ పలకలు కోసే చోట వచ్చే బురదను ఉచితంగా ఇస్తారు, దానిలో రంపాల ఇనుప రజను, సున్నం కలిసి ఉండొచ్చు, పరీక్ష లేకుండా పొలంలోకి రానివ్వకండి.

చల్లేవాళ్ల ఊపిరితిత్తుల సంగతి కూడా గట్టిగా చెప్పాలి. మెత్తటి క్వార్ట్జ్ దుమ్ము పీల్చడం వల్ల వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. బసాల్ట్‌లో క్వార్ట్జ్ తక్కువే అయినా ఒకే క్రషర్‌లో పలు రకాల రాళ్లు ఆడిస్తారు కాబట్టి ఏది కలిసిందో కంటికి తెలియదు. మొహానికి గుడ్డ కట్టుకుంటే ఆ సన్నటి దుమ్ము ఆగదు, ఎన్-95 మాస్క్ ఉండాలి, అది ముఖానికి సందు లేకుండా అతుక్కోవాలి. పొడిని ముందురోజే తడిపి ఉంచండి, గాలి వీచే పూట చల్లకండి, చల్లిన బట్టలతో ఇంట్లోకి వెళ్లి పిల్లల్ని ఎత్తుకోకండి.